గుర్రానికి కాలు తగిలినప్పుడు

కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన ఏడాది డిసెంబరులో, దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ట్రావెల్స్ ఆఫీసు నన్ను ఒక కొత్త టూరుకు మేనేజరుగా వేసింది. అంతవరకు నేను నడిపినవన్నీ కాశీ, శిర్డీ, చార్‌ధామ్ బస్సులే. ఇది గుర్రపు స్వారీ సెలవులు. కర్ణాటక సరిహద్దు అవతల, తారు రోడ్డు అయిపోయాక కూడా జీపులో చాలాసేపు వెళితే వచ్చే పశువుల ఫారం. బసవరాజు అనే ఆయన, భార్యాబిడ్డలతో కలిసి దాన్ని నడుపుతున్నాడు. ఆవుల మందను గుర్రాల మీద తోలడం వాళ్ళ రోజువారీ పని. మూడు రోజులు స్వారీ నేర్పి, నాలుగో రోజు మందను దూరపు బీడుకు తోలేటప్పుడు అతిథులను కూడా గుర్రాల మీద వెంట తీసుకెళతారు.

నాకు డిగ్రీ లేదు. ఇంటర్ తరువాత నా చదువంతా సరూర్‌నగర్‌లో మా ఇంటి దగ్గరి శాఖా గ్రంథాలయంలోనే సాగింది. ఏ ఊరికి టూరు పడినా ముందు ఆ ఊరి గురించి చదివేదాన్ని. ఈసారి పశుపోషణ బీరువాలో, అట్ట ఊడిపోయిన స్వారీ పుస్తకం ఒకటి దొరికింది. రెండుసార్లు చదివాను. నేను గుర్రం ఎక్కిందెప్పుడూ లేదు గాని, జీనుకూ, ఎక్కేటప్పుడు కాలు పెట్టే రికాబుకూ తేడా తెలియకుండా మాత్రం బస్సెక్కలేదు.

మా వృత్తిలో ప్రయాణికులను పాక్స్ అంటాం. ఎవరేం చేయవచ్చో ఆతిథ్యం ఇచ్చేవాళ్ళు చెబుతారు. ఎవరేం చేయకూడదో చెప్పే బాధ్యత టూర్ మేనేజరుది. మూడో రోజు సాయంత్రానికి గుర్రాన్ని ఎవరి సాయం లేకుండా కదిలించి, తిప్పి, ఆపగలిగిన వాళ్ళే మంద వెంట వెళ్ళాలని బసవరాజు నియమం పెట్టాడు. మిగతావాళ్ళు నాతో జీపులో రావాలి. నేను అందరి ముందూ దానికి ఒప్పుకున్నాను.

ఆ బృందంలో సత్యవతిగారు ఉన్నారు. తెనాలి వైపు మనిషి. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగుకు వచ్చే ఆడపిల్లలకు హాస్టలు నడుపుతారు. యాభై ఎనిమిదేళ్ళు. ఎందుకొచ్చారని దారిలో అడిగితే ఉన్నమాట చెప్పారు.

"ఇంటికి పోతానని ఏడ్చే ప్రతి పిల్లకీ, నాలుగు రోజులు ఓర్చుకోవే, అదే అలవాటవుతుందని చెబుతానండీ. మొన్న ఒక గడుగ్గాయి, మీరెప్పుడైనా చేతకాని పనిలో నాలుగు రోజులు ఉన్నారా ఆంటీ అనడిగింది. ఏం చెప్పమంటారు? నోరు మూసుకుని మీ ఆఫీసుకొచ్చి పేరు రాయించుకున్నా. ఆ మందతో నేను గుర్రం మీదే వెళ్ళాలి."

ఆవిడకు ఇచ్చిన గుర్రం పేరు గౌరి. పిల్లలను కూడా మోసే నెమ్మదైన ఆడగుర్రం. ఆ గౌరి సత్యవతిగారు ఎక్కితే మాత్రం రెండడుగులు వేసి ఆగిపోయేది. మళ్ళీ రెండడుగులు, మళ్ళీ ఆగడం. "మడమతో ఒత్తల్లమ్మా, మెల్లగా ఒత్తల్ల," అని బసవరాజు చెబుతూనే ఉన్నాడు. ఒత్తుతున్నానండీ అని ఆవిడా చెబుతూనే ఉన్నారు. తనే ఎక్కి చూశాడు. గౌరి చక్కగా నడిచింది. మొదటి రోజు అలా గడిచింది, రెండో రోజూ అంతే.

బృందంలో యాదగిరి అని బడంగ్‌పేట్‌లో సిమెంటు దుకాణం ఉన్నాయన ఒకడు. మొదటి పూటే స్వారీ పట్టుబడింది. కంచె మీద కూర్చుని మాటలు విసిరేవాడు. "అక్కా, గది గుర్రమా, సిటీ బస్సా? స్టాపు స్టాపుకు ఆగుతున్నది!"

"నువ్వు ఎక్కితే ఎక్స్‌ప్రెస్సు, నేను ఎక్కితే ఆర్డినరీ. నీకేం నష్టం నాయనా?" అన్నారావిడ.

మూడో రోజు పొద్దున నేను చోటు మార్చి, గౌరికి పక్కవాటుగా నిలబడ్డాను. అప్పుడు తెలిసింది. సత్యవతిగారి మడమ గౌరి పక్కటెముకలకు తగిలిన ప్రతిసారీ ఆవిడ కుడిచెయ్యి గౌరి మెడను తాకి, కళ్ళ దగ్గరకు వెళుతోంది. పుస్తకానికి కాలు తగిలితే మనం చేసే పనే. కళ్ళెం పగ్గాలు ఆ చేతిలోనే ఉన్నాయి. చెయ్యి కళ్ళ దాకా లేచేసరికి పగ్గాలు బిగిసేవి. కాలు నడవమంటుంటే చెయ్యి ఆగమంటోంది. రెండూ ఒకేసారి వస్తే గుర్రం ఆగడమే నేర్చుకుంటుందని నేను చదివిన పుస్తకంలో ఉంది.

బసవరాజుకు చెప్పాను. "మెడ నిమురుతా ఉందనుకుంటి మేడమ్," అని నవ్వేశాడు.

సత్యవతిగారికి తను అలా చేస్తున్నట్టే తెలియదు. నేను చెప్పాక కూడా మానలేకపోయారు. ఒత్తిడి ఎంత ఉండాలో చూపిద్దామని ఆవిడ మడమకూ గుర్రానికీ మధ్య నా అరచెయ్యి పెట్టాను. కాలు నా చేతికి తగలగానే నాకూ మొక్కబోయారు.

"సుజాతగారూ, పుస్తకం మీద కాలు పెట్టిన పిల్లకి మొట్టికాయ వేస్తాను నేను. ప్రాణమున్న జీవిని, అందులోనూ గౌరి అని పేరు పెట్టుకున్నదాన్ని, మడమతో పొడవమంటారా?"

జబ్బు పేరు పుస్తకంలో దొరికింది గాని మందు దొరకలేదు. సాయంత్రం దాకా చూసి, ఆవిడను జీపులో వేద్దామని అప్పటికే మనసులో అనుకున్నాను.

యాదగిరి కంచె దిగి వచ్చాడు. "అక్కా, ఒక్క మాట అడుగుత, కోపం చెయ్యొద్దు. పొద్దుగాల లేసి భూమికి మొక్కి కాలు కింద పెడ్తవా?"

"పెడతాను. ఏం?"

"మల్ల అడుగడుగుకు వంగి మొక్కుతవా? గట్ల మొక్కితె దిల్‌సుఖ్‌నగర్ కెళ్ళి ఎల్బీనగర్ చేరేసరికి నడుము ఇరుగుతది గదా!"

మేమందరం నవ్వాం, సత్యవతిగారు తప్ప. "భూమికి నొప్పి తెలియదు కదయ్యా," అన్నారావిడ.

"దీనికి నొప్పయితె ఎప్పుడో నిన్ను కింద పడేసేది. దానికి చెప్పరాదనుకుంటున్నవా?"

ఆవిడ గౌరి ముందుకు వెళ్ళారు. నుదుటి మీద చెయ్యి పెట్టి, కళ్ళకద్దుకుని, ఏదో మెల్లగా చెప్పుకున్నారు. తరువాత ఎక్కారు. తొలిసారి మడమ ఒత్తగానే కుడిచెయ్యి సగం లేచింది. ఎడమచేత్తో దాన్ని పట్టి జీను మీదకు దించుకున్నారు. గౌరి నడిచింది. మధ్యాహ్నం భోజనానికి కూడా దిగనన్నారు. నేను మందలిస్తే, దిగితే మళ్ళీ మొదటికొస్తుందని మొండికేశారు. సాయంత్రం బసవరాజు గీసిన గీత దగ్గర గౌరిని కదిలించారు, రెండు వైపులా తిప్పారు, ఆపారు. నేను సరేనన్నాను.

నాలుగో రోజు మంద వాగు దాటేచోట కొన్ని ఆవులు వెనక్కి తిరిగి, పక్కవాళ్ళ కంది చేను వైపు మళ్ళాయి. బసవరాజు అవతలి గట్టున ఉన్నాడు. చేనుకూ ఆవులకూ మధ్య ఉన్నది సత్యవతిగారొక్కరే. అడ్డం రమ్మని ఆయన కేక వేశాడు. నేను జీపులోంచి దూకేశాను గాని చేరేంత దగ్గరలో లేను. ఆవిడ రెండు మడమలూ గట్టిగా ఒత్తారు. కుడిచెయ్యి జీను దగ్గరే ఉంది. గౌరి గబగబా వెళ్ళి ఆవులకు అడ్డం నిలబడింది. ముందున్న ఆవు కాసేపు చూసి, వాగు వైపు తిరిగింది. మిగతావి దాని వెనకే పోయాయి.

"ఇప్పుడు ఎక్స్‌ప్రెస్సేనా?" అని ఆవిడ చేను వైపు నుంచి అరిచారు.

"నాన్‌స్టాప్ అక్కా!" అన్నాడు యాదగిరి.

ఆ తరువాత రిటైరయ్యేవరకు గుర్రాల టూర్లు ఇంకొన్ని నడిపాను. అంతకుముందు ఎవరికైనా పని పట్టుబడకపోతే, వాళ్ళకు ఏది రాదో వెతికి అది నేర్పించేదాన్ని. ఈ టూరు తరువాత, వాళ్ళకు ఆలోచించకుండానే చేసేంత బాగా వచ్చిన పని ఏమిటో ముందు చూసేదాన్ని. దాన్ని మాన్పించాలని చూస్తే సమయం వృథా. సత్యవతిగారి మొక్కులాగా, అది ఎప్పుడు చేసుకోవాలో చూపిస్తే చాలు.