అమ్మ కంట్లో చుక్కలు

ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయి, రోజంతా కంప్యూటర్ చూసి చూసి ఎర్రబడ్డ కళ్లలో, మీటింగ్‌కు ముందు చిన్న ప్లాస్టిక్ సీసా వంచి ఒక్కో చుక్క వేసుకుంటుంది. కాసేపటికి ఎరుపు మాయమవుతుంది. ఆ సీసా చూసినప్పుడల్లా నాకు తడిసిన కంకర వాసన వస్తుంది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. రాయదుర్గం గుట్టల్ని పగలగొట్టి అద్దాల మేడలకు పునాదులు తీస్తున్న కాలం. వానలు వెనకబట్టి, బండల సందుల్లో తంగేడు, గునుగు విరగబూస్తుంటే, మేం ఆడపిల్లలం గోనెసంచి పరుచుకుని నున్నటి బండ మీంచి జర్రున జారి, గౌన్లు చింపుకుని, బతుకమ్మకు ఒడినిండా పువ్వు కోసుకుని, నువ్వుల సత్తుపిండి, బెల్లం మలీద తలుచుకుంటూ ఇంటికి పరుగెత్తేవాళ్లం. నాన్న జీడిమెట్లలో రంగుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ వారానికోసారి వచ్చేవాడు. అమ్మ ఆ పునాదుల దగ్గరే కంకర కొట్టేది.

ఆ ఏడు ఊరంతా కండ్లకలక. ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుందని, కళ్లు ఎర్రగా ఉన్నవాళ్లను మేస్త్రీ గేటు దగ్గరే వెనక్కి పంపేవాడు. ఆ రోజుల్లోనే సుత్తి దెబ్బకు రాతి పెచ్చు ఎగిరి అమ్మ కుడికంట్లో తగిలింది. నీళ్లతో ఎంత కడిగినా కన్ను నిప్పుకణిక. డాక్టర్ చీటీ అడక్కుండానే మందుల దుకాణమాయన ఒక సీసా ఇచ్చాడు.

పొద్దున్నే నా ఒళ్లో తల పెట్టుకుని అమ్మ పడుకునేది. రెప్ప విప్పి నేను చుక్క వేసేదాన్ని. నా కళ్లముందే ఎర్రటి దారాల్లాంటి నరాలు సన్నబడి, కన్ను పాలలా తెల్లబడేది. నా చేతిలో ఏదో మహిమ ఉందనుకుని పొంగిపోయేదాన్ని. ఆ మందు రక్తనాళాల్ని సంకోచింపజేస్తుందని, రక్తం తగ్గి ఎరుపు కనపడదని, మందు బలం తగ్గగానే అవి మళ్లీ ఉబ్బుతాయని, వాడే కొద్దీ మునుపటికన్నా ఎర్రబడతాయని పెద్దయ్యాక తెలిసింది. మాకు తెలిసిందల్లా, రోజుకొక్కసారి వేసే చుక్క మూడుసార్లు, తర్వాత ఐదుసార్లు కావడమే.

మూడోరోజో నాలుగోరోజో అమ్మ అడిగింది. "జర మంచిగ చూడు బిడ్డా, కంట్ల ఏమన్న కనవడుతుందా?"

నల్లగుడ్డు అంచున ఆవగింజలో సగమంత బూడిదరంగు మచ్చ కనిపించింది. కానీ కన్ను తెల్లబడింది కదా, మందు పనిచేస్తోంది కదా. అది చెబితే నా మహిమ తగ్గుతుందేమోనని కూడా అనిపించింది.

"ఏం లేదమ్మా, తెల్లగైంది," అన్నాను.

అమ్మ కొంగు సర్దుకుని పనికి పోయింది. తెల్లటి కన్ను చూసి మేస్త్రీ గేటు తీశాడు.

సద్దుల బతుకమ్మనాటికి ఆమె వెలుతురు చూడలేక, కుడికన్ను కొంగుతో అదిమి పట్టుకుని పొయ్యి ముందు కూర్చుంది. పండక్కి వచ్చిన నాన్న ఆ కన్ను చూసి, మర్నాడే పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరమ్మ సీసాను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఎరుపు పోగొట్టే మందేనండి, కంట్లో రాయిని తీసేది కాదు," అంది. ఇరుక్కున్న రాతినలుసు చీము పట్టించింది. నలుసు తీశారు, పుండు మానింది, నల్లగుడ్డు మీద చెరగని తెల్లమచ్చ, పువ్వు, మిగిలింది. ఆ కంటికి ఇప్పటికీ మనిషి నీడలాగే కనపడతాడు.

మేం జారిన బండ ఉన్నచోట ఇప్పుడు కార్లు నిలిపే నేలమాళిగ ఉంది. తంగేడు మూసాపేట నుంచో ఇంకెక్కడి నుంచో బుట్టల్లో వస్తే కొనుక్కుంటున్నాం. అప్పుడు నాతో జారిన ఆడపిల్లల్లో ఒక్కరి ఇల్లూ ఆ చుట్టుపక్కల లేదు.

పోయిన నెల, పుప్పాలగూడలో మా ఫ్లాటు బాల్కనీలో చిక్కుడుకాయలు వొలుస్తూ కూర్చున్న అమ్మకు ఆ మచ్చ సంగతి చెప్పాను. చూశాననీ, చెప్పలేదనీ.

అమ్మ చేతులు ఆగలేదు.

"నేను గూడ అద్దంల చూసిన బిడ్డా," అంది. "నీకు చెప్తే నువ్వు సుక్కలు ఎయ్యకపోతుంటివి."