స్ప్రింగుల బ్రిడ్జి

మా మావ పోయాడని అత్త ఫోన్ చేసినప్పుడు నేను విజయనగరంలో ఆఫీసు బస్సు కోసం నిలబడి ఉన్నాను. "మీ మావ ఎలిపోనాడ్రా. తెల్లారగట్ల, నా పక్కనే," అంది. గొంతులో ఏడుపు లేదు, అలసట ఉంది. ఆఫీసు బస్సు వచ్చి నా ముందే ఆగి వెళ్లిపోయింది. నేను అవతలి వైపుకి దాటి నరసన్నపేట బస్సెక్కాను.

మా మావ అంటే అమ్మకి తమ్ముడు. మీలో కొందరు ఆయన్ని చూసే ఉంటారు, గుర్తుండకపోవచ్చు. ఒకప్పుడు నరసన్నపేట, కోటబొమ్మాళి చుట్టుపక్కల పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రా పెట్టించేవారు కదా, ఆ స్టేజీ మీద పాడేవాళ్ల వెనక, డ్రమ్ములకీ స్పీకరుకీ మధ్య ఇరుక్కుని ఎలక్ట్రిక్ గిటారు వాయించిన బక్క మనిషి ఆయనే. పెళ్లి ఫొటోల్లో ఎప్పుడూ సగమే పడేవాడు. మిగతా సగం డ్రమ్ములవాడి మోచెయ్యి మింగేసేది.

ఆ గిటారు ఆయనది కాదు. ఆర్కెస్ట్రా యజమానిది. అతని ఊరు బరంపురం. లేత పిస్తా రంగులో ఉండే పాతకాలం గిటారు, ఎక్కడినుంచి తెచ్చాడో ఎవరికీ తెలీదు. పెళ్లిళ్లలోకి డీజే బాక్సులు వచ్చాక ఆర్కెస్ట్రా మూతబడింది, యజమాని గిటారు పట్టుకుని బరంపురం వెళ్లిపోయాడు. మావ మైకుసెట్ల దుకాణం పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఎవరి గిటారు చేతికిచ్చినా ముట్టేవాడు కాదు. "అద్దె సైకిల్ తొక్కినట్టుంటాదిరా," అనేవాడు.

ఆయన వాయించే తీరు వేరు. కుడి అరచేతి అంచుని బ్రిడ్జి మీద ఆన్చి వాయించేవాడు. బ్రిడ్జి అంటే గిటారు కింది భాగంలో తీగలు ఆనుకునే ఇనుప పలక. స్పీకర్ల పక్కనే కూర్చోవడం వల్ల తీగలు ఊరికే గుయ్యిమంటాయి. వాటిని అదుపులో పెట్టడానికి ఆయన చెయ్యి అక్కడ పడి లేస్తూ ఉండేది. నాకు నాలుగు ముక్కలు నేర్పిన రోజుల్లో ఎక్కువగా చెప్పింది ఒకటే మాట: "సప్పుడు సేయడం అందరికీ వస్తాది. ఆపడం నేర్సుకో." నాకు రెండూ సరిగ్గా రాలేదు, ఆయన విసుక్కోలేదు.

తర్వాత పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. కాలు కొంత కుదురుకుంది, మాట బాగానే ఉంది, చెయ్యి మాత్రం పిడికిలి బిగించుకుని ఉండిపోయింది. సరిగ్గా అప్పుడే ఆయనకి గిటారు కావాలనిపించింది. కొనేది కాదు, ఆ పిస్తా రంగు గిటారే మళ్లీ చెయ్యాలి. అంతకాలం చెయ్యి బాగున్నప్పుడు ఏం చేశావు మావా అని అడగబోయి ఊరుకున్నాను.

తుఫానుకి మా చుట్టాల తోటలో పనస చెట్టు పడిపోతే దాని మొద్దు తెప్పించాడు. బొబ్బిలి వీణలకి వాడేది పనసే కాబట్టి గిటారు ఎందుకు పలకదు అని వచ్చినవాళ్లందరితో వాదించేవాడు. వడ్రంగి చేత గిటారు ఒళ్లు కోయించాం. మెడ తయారుగా ఉన్నది పార్శిల్లో తెప్పించాను. రుద్దడం, రంగెయ్యడం నా పని. ఆదివారాలు వెళ్లేవాణ్ని. ఆయన కుర్చీలో కూర్చుని, ఎడంచేత్తో తడిమి, ఇక్కడ గరుకుగా ఉంది, అక్కడ ఎక్కువ దిగింది అంటూ నా ప్రాణం తీసేవాడు.

అంతా అయ్యాక బ్రిడ్జి దగ్గర ఆగిపోయాం.

రెండు రకాలు తెప్పించి అత్త భోజనాల పళ్లెంలో పెట్టాను. ఒకటి కదలని బ్రిడ్జి. మరలతో చెక్కకి బిగించేస్తే ఎంత బరువు పెట్టినా శ్రుతి చెదరదు. రెండోది స్ప్రింగులది, పాత గిటారుకి ఉన్నటువంటిది. వెనక ఒక గుంట తొలిచి అందులో స్ప్రింగులు పెడతారు. తీగలు ఒక వైపు, స్ప్రింగులు ఒక వైపు లాగుతుంటే పలక ఆ రెంటి మధ్యా తేలుతూ ఉంటుంది. పలకకి తగిలించిన ఇనుప కాడ పట్టి ఊపితే స్వరం అలలా ఊగుతుంది. అందం దానిదే. కానీ దానిమీద చెయ్యి కాస్త బరువుగా పడితే తీగలన్నీ బిగుసుకుని శ్రుతి పైకి పోతుంది. దానికి తేలికైన చెయ్యి కావాలి.

కదలనిదే పెడదామన్నాను. కారణాలు బోలెడు చెప్పాను: స్ప్రింగులు మన ఉప్పుగాలికి తుప్పు పడతాయి, వెనక తొలిస్తే పనస చీలుతుంది, తీగ తెగినప్పుడల్లా తంటా. అసలు కారణం ఒక్కటే, అది నోటితో చెప్పలేదు. ఆయన అంతా విని ఎడంచేత్తో స్ప్రింగుల బ్రిడ్జి తీసుకున్నాడు.

"నువ్వు సెయ్యిని సూసి సెప్తన్నావు. నాను గిటార్ని సూసి సెప్తన్నాను," అన్నాడు.

కదలని బ్రిడ్జికి ఒప్పుకోవడమంటే ఆ చెయ్యి ఇక రాదని ఆయనే తేల్చేసినట్టు. నాకు కోపం వచ్చింది, ఆయన మీద కాదు. అత్త వంటింట్లోంచే ఆయనకి నచ్చింది పెట్టమని, మిగతాది దేవుడు చూసుకుంటాడని అంది. దేవుడు చూసుకోలేదు.

గుంట తొలిచాం. పనస చీలలేదు. పిస్తా రంగు మాత్రం కాస్త ముదిరింది, ఎండలో వెలిసిపోతే సరిపోతుందన్నాడు మావ. తీగలెక్కించి శ్రుతి చేసి ఒళ్లో పెట్టాను. ఎడంచెయ్యి ఏమీ మరిచిపోలేదు, వేళ్లు వాటంతట అవే గిటారు మెడ మీది మెట్ల మీద కూర్చున్నాయి. కుడిచేతిని నేనే ఎత్తి బ్రిడ్జి మీద పెట్టాను. పలక కిందికి దిగిపోయింది, తీగలన్నీ ఒక్కసారిగా అపశ్రుతిలోకి ఎక్కాయి. చెయ్యి తీసి, ఆయన ఎడంచేత్తో నొక్కుతుంటే నేను కుడిచేత్తో మీటాను. పాట వచ్చింది. నాలుగు వరసలయ్యాక ఆపేశాడు. "ఒకల ముద్ద ఇంకొకలు నమిలినట్టున్నాది," అన్నాడు.

ఆ తర్వాత ఆయన గిటారుకోసం చేసిందంతా చెయ్యికోసం చేసిందే. రబ్బరు బంతి పిసికేవాడు, అంటే ఎడంచేత్తో కుడి వేళ్లు విప్పి బంతి పెట్టుకునేవాడు, అది జారిపోయేది. పాతపట్నం అవతల ఎవరో పసరు పోస్తారంటే తీసుకెళ్లాను. నూనెలు మారాయి. ఆసుపత్రిలో డాక్టరు మాత్రం, రావలసిందేదో మొదట్లోనే వచ్చేసిందని నాతో వరండాలో చెప్పాడు. లోపలికి వెళ్లేసరికి మావ నా మొహం చూసి, ఏం చెప్పాడని అడగలేదు.

మొన్న ఎండాకాలం ఒక ఆదివారం ఆయనే అన్నాడు: "ఒరే అల్లుడా, ఎనక మూత తీసి పేడు కొట్టీరా. బ్రిడ్జి కదలకూడదు."

స్ప్రింగుల బ్రిడ్జిని అలా ఆపెయ్యొచ్చు. వెనక గుంటలో పేడు, అంటే చెక్కముక్క, బిగిస్తే చాలు, ఇక తేలదు. ఏం చెక్క అని అడిగితే కిటికీ వైపు చూపించాడు. అక్కడ పనస ముక్క ఒకటుంది. గిటారు కోసినప్పటినుంచీ ఆ కిటికీలోనే ఉంది, తలుపు కొట్టుకోకుండా పెట్టారనుకునేవాణ్ని. తీసి చూస్తే ఒక వైపు పల్చగా చెక్కి ఉంది. సరిగ్గా పట్టింది, నేను గీకవలసిన పనే లేకపోయింది.

చెయ్యి ఎత్తి పెట్టాను. బ్రిడ్జి కదల్లేదు, శ్రుతి చెదరలేదు. కానీ ఆ పిడికిలి బరువుకి తీగలు పూర్తిగా అణిగిపోయాయి. మీటితే ఠప్ ఠప్ మని చెక్క చప్పుడు తప్ప ఏమీ లేదు. మావ నవ్వాడు. "సప్పుడు పోయినాది. ఆపడం ఒకటే మిగిలినాది నాకు," అన్నాడు. తర్వాత గిటారుని మేకుకి తగిలించమన్నాడు. మళ్లీ దించమని అడగలేదు. నేను వెళ్లిన ఆదివారాల్లో వానల గురించి, మైకుసెట్ల గురించి మాట్లాడుకునేవాళ్లం.

ఆ రోజు బస్సు దిగి ఇంటికి వెళ్లేసరికి ఆయన్ని వరండాలో పడుకోబెట్టి ఉన్నారు. నేను మొహం కంటే ముందు చెయ్యి చూశాను. పిడికిలి లేదు. వేళ్లు చాపుకుని, అరచెయ్యి గుండె మీద పల్చగా ఆని ఉంది. ఊపిరి ఆగిన కాసేపటికి పట్టుకుంటే దానంతటదే విడిపోయిందని, అలాగే సాపు చేసి పెట్టానని అత్త చెప్పింది. ఇన్నాళ్లూ ఎంత తైలం రాసినా విప్పలేకపోయిన వేళ్లవి.

పెద్దకర్మ అయ్యి చుట్టాలు వెళ్లిపోయాక, నేను కూడా సంచి సర్దుకుంటుంటే అత్త మేకు మీది గిటారు దించి తెచ్చింది.

"ఆ పేడు తీసీరా," అంది. "సెయ్యి తెరిసీనాడు కదా."

ఆ ఇంట్లో దాన్ని వాయించేవాళ్లు ఎవరూ లేరు. అయినా మూత విప్పి ముక్కని లాగాను. బ్రిడ్జి ఒకసారి ఊగింది, గుంటలో స్ప్రింగులు సన్నగా మోగాయి. అలవాటుకొద్దీ ఆపడానికి అరచెయ్యి ఆన్చబోయి, వెనక్కి తీసుకున్నాను. అత్త నా పక్కనే కూర్చుని వింటోంది. అది చాలాసేపు మోగి, దానంతటదే ఆగింది.