చెవి కుట్టనన్న తాత

మా కంసాలి తాత పోయారు. పోయిన నెల ఒక ఉదయం పాపకి జడ వేస్తుంటే ఆయన కోడలు ఫోన్ చేసింది. "మావయ్య టీ తాగేరమ్మా. గ్లాసు కింద ఎట్టి గోడకి ఆనుకున్నారు. మరి లేవలేదు" అంది. చేతిలో జడ సగంలోనే ఆగిపోయింది. "ఏటైందమ్మా?" అని పాప తల తిప్పి నా మొహంలోకి చూసింది. దానికి నాలుగేళ్లు. తాత పోయారని చెప్పాను. కాసేపు ఆలోచించి, "మరి నాకు ఎవులు సెప్తారు కథ?" అంది. నేను మళ్లీ జడ అందుకున్నాను.

ఆయన నాకు చుట్టం కాదు. కంచరపాలెంలో నేను పుట్టి పెరిగిన వీధిలో ఉండే బంగారం పనివాడు. ఉంగరాలు సాగదీయడం, తెగిన గొలుసులు అతకడం, పసిపిల్లలకి చెవులు కుట్టడం ఆయన పని. వీధంతా ఆయన్ని కంసాలి తాత అనే పిలిచేది. నా పెళ్లయ్యాక మేము అదే వీధిలో అద్దెకి దిగాం. మా ఆయన పోర్టులో క్రేన్ నడుపుతారు. నేను ద్వారకా నగర్‌లో ఒక ఆఫీసులో లెక్కలు రాస్తాను. పాప పుట్టాక మాకు తోడుగా ఉండడానికి మా అత్తయ్య శ్రీకాకుళం వైపు ఊరి నుంచి వచ్చారు.

పాపకి పదకొండో నెల రాగానే అత్తయ్య చెవుల మాట ఎత్తారు. మంచిరోజు చూశారు, చిన్న రింగులు కొన్నారు, మేనమామ ఒళ్లో కూర్చోబెట్టాలని మా అన్నయ్యకి కబురు పెట్టారు. ఎక్కడ కుట్టించాలన్న ప్రశ్నే ఎవరికీ రాలేదు. నాలుగిళ్ల అవతల తాత ఉన్నారు కదా! పాపని ఎత్తుకుని అత్తయ్య, నేను వెళ్లాం. తాత వాకిట్లో పీట మీద కూర్చుని ఉన్నారు. కళ్లజోడు ముక్కు చివరికి జారకుండా వెనక నల్లదారంతో కట్టుకునేవారు. పాప వెంటనే ఆ దారం పట్టి లాగింది.

"గురువారం బాగుంది అన్నయ్యా. మా గుంటకి సెవులు కుట్టాల" అన్నారు అత్తయ్య.

తాత పాప చెవి తమ్మెని రెండు వేళ్ల మధ్య పట్టుకుని చూశారు. పిల్లల్ని ముట్టుకునే ముందు అరచేతులు రుద్ది వెచ్చచేసుకోవడం ఆయన అలవాటు. ఆ రోజు చెవి వదిలి ఆ చేతుల్ని ఒళ్లో పెట్టుకున్నారు. తర్వాత తల అడ్డంగా ఊపారు.

"నాను కుట్టనమ్మా."

అత్తయ్య తెల్లబోయారు. "అదేటి అన్నయ్యా? కోడలి సెవులు నువ్వే కుట్టేవంట కదా!"

"అప్పుడు కుట్టేను. ఇప్పుడు సెయ్యి సూడు" అని కుడిచెయ్యి చాపారు. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. "గొలుసు అతకడానికి ఈ వణుకు పరవాలేదు. తప్పితే మళ్లీ అతుకుతాను. పిల్ల సెవికి తప్పితే ఏటి సేత్తాను?"

ఇంటికి వచ్చాక అత్తయ్య అలిగారు. ఊళ్లో తమ కంసాలి ఉన్నాడని, తీసుకెళ్తానని అన్నారు. మా ఆయన ఫోన్‌లో ఏదో బ్యూటీ పార్లర్ చూపించి, చెవులు కుట్టే గన్‌తో క్షణంలో అయిపోతుందన్నారు. నాకు ఎటూ తేలలేదు. నిజం చెప్పాలంటే నాకు భయంగా ఉంది. రోజూ ఆఫీసులో అంకెలు సరిచూసే నాకు, కన్నకూతురి చెవి ఎవరి చేతిలో పెట్టాలో తెలియలేదు.

మర్నాడు ఉదయమే తాత ఉతికిన పంచె, తెల్లచొక్కా వేసుకుని మా గుమ్మంలో నిలబడ్డారు. "కుట్టనన్నాను గానీ ఊరుకుంటానన్నానా? పద, సూసొద్దుం" అన్నారు. నేను సెలవు పెట్టాను. పాపని అత్తయ్య దగ్గర వదిలి ఇద్దరం బస్సెక్కాం. దారిలో ఆయన నాకు మూడు ప్రశ్నలు అప్పజెప్పారు. "సూది కొత్తదా? కుట్టేవోళ్లు సేతులు కడుక్కున్నారా? రేపు సెవి వాస్తే ఎవుల్ని అడగాల? ఈ మూడింటికీ జవాబు సెప్పనోడి కాడ పిల్లని కూకోబెట్టకు."

ద్వారకా నగర్‌లో ఆ పార్లర్ ఏసీతో, అద్దాలతో మెరిసిపోతోంది. లోపలి అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. గన్ తెచ్చి చూపించింది. తాత దాన్ని ముట్టుకోకుండా, చేతులు వెనక్కి కట్టుకుని, వంగి అన్నివైపులా చూశారు.

"దీన్ని మరగబెడతారా అమ్మా?"

"ప్లాస్టిక్ కదండీ తాతగారూ, కరిగిపోద్ది. స్పిరిట్‌తో తుడుస్తాం."

"నిన్న ఎవుల్కైనా కుట్టేవా దీంతో?"

"నిన్న ముగ్గురికి."

"రేపు వాస్తే?"

ఆ అమ్మాయి నవ్వింది. "వాయదండీ. వాస్తే ఏదైనా ఆయింట్‌మెంట్ రాయండి."

తాత ఆ అమ్మాయిని ఒక్క మాట కూడా అనలేదు. "నువ్వు మంచిదానివే తల్లీ. నీకు ఇంకా నేర్పాల్సినోళ్లు నేర్పలేదు" అని బయటికి వచ్చేశారు.

బస్టాండు కాంప్లెక్స్‌లో బస్సు కోసం బెంచీ మీద కూర్చున్నాం. మిట్టమధ్యాహ్నం. రెండు నిమ్మసోడాలు తెచ్చాను. తాత తాగలేదు. సీసా రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు.

"నీ ఎడమ సెవి కింద గంటు ఉంది కదా, అదేటనుకుంటన్నావు?" అని అడిగారు.

నా ఎడమ తమ్మె కింద చిన్న గంటు, దాని పక్కన గట్టిపడిన చర్మం ఉన్నాయి. చిన్నప్పుడు రింగు తువ్వాలుకి పట్టుకుని లాగేసిందని అమ్మ చెప్పింది. అదే చెప్పాను.

"తువ్వాలూ కాదు, ఏటీ కాదు. నాను సేసింది."

నేను ఆయన వైపు తిరిగాను. ఆయన మాత్రం ఎదురుగా వచ్చిపోయే బస్సుల్నే చూస్తూ చెప్పారు. నా చెవులు కుట్టిన రోజు ఆయన ముంగిట్లో పిల్లలు వరసగా ఉన్నారట. నా ముందు కుట్టిన పిల్ల చెవులు అప్పటికే పుండ్లు పడి చితచితలాడుతున్నాయి. అదే సూదిని గుడ్డతో తుడిచి నాకు కుట్టారు. నాలుగో రోజుకి నా చెవి బుగ్గంత వాచింది. జ్వరం తగ్గక ఆసుపత్రిలో పెట్టారు. చీము కోసి తీశారు. ఆయన రోజూ ఆసుపత్రి గేటు దాకా వచ్చి, లోపలికి రాలేక, వాచ్‌మేన్‌ని అడిగి తెలుసుకుని వెళ్లిపోయేవారట.

"మీ అమ్మ ఈదిలో ఒక్కరికీ సెప్పలేదమ్మా. సెప్తే నా ఇంటి గడప ఎవులూ తొక్కరు. నిన్ను ఇంటికి తెచ్చినాక నా కాడికొచ్చింది. తిడతాదనుకున్నాను. 'ఇక మీద సూది మరగబెట్టు బాబాయ్, పిల్లకో సూది తియ్యి' అంది. అంతే."

అప్పుడు నాకు ఎన్నో గుర్తొచ్చాయి. ఆయన ఇంట్లో పొయ్యి మీద ఎప్పుడూ సలసల మరిగే గిన్నె. వచ్చిన ప్రతి తల్లినీ టీకాల కార్డు అడగడం. జ్వరంగా ఉన్న పిల్లని ముహూర్తం దాటిపోతున్నా తిప్పి పంపేయడం. చాదస్తం అనుకునేవాళ్లం. ఆ చాదస్తమంతా నా చెవి దగ్గర మొదలైందని అప్పుడు తెలిసింది.

కోపం వచ్చిందా అని మీరు అడగవచ్చు. కాసేపు వచ్చింది. ఇన్నేళ్లు దాచిందని అమ్మ మీద కూడా వచ్చింది. కానీ పక్కన కూర్చున్న మనిషి ఆ మాట ఇన్నేళ్లు మోసి, మరో పసిపిల్ల చెవి కోసం ఈ వయసులో బస్సెక్కి వచ్చారు. "సోడా తాగండి తాతా, గ్యాస్ పోతంది" అన్నాను. ఆయన తాగారు.

సాయంత్రం అమ్మకి ఫోన్ చేశాను. అమ్మ గాజువాకలో మా అన్నయ్య దగ్గర ఉంటుంది. అంతా చెప్పాను. "సెప్పేసేరా! ఎందుకు సెప్పేరు పెద్దాయన" అంది. ఎందుకు దాచావని అడిగాను. "ఆ సేతులు మంచి సేతులే. ఒక్కసారి తప్పేయి. మనం అరిస్తే ఆ ఇల్లు మూసుకుపోద్ది. మనం ఊరుకుంటే మిగతా పిల్లలకి బాగా సేత్తారనిపించింది. సేసేరు కదా మరి!" అంది.

చివరికి మాకు దొరికిన చోటు మా ఇంటికి దగ్గరలోనే ఉంది. పాపకి టీకాలు వేసే పిల్లల డాక్టరమ్మ క్లినిక్. అక్కడ చెవులు కుడతారని నాకు తోచనే లేదు. అడిగితే డాక్టరమ్మ నవ్వి, "ఎవరూ అడగరు. అడిగినవాళ్లకి చేస్తాను" అన్నారు. తాత తన మూడు ప్రశ్నలు వేశారు. ఆవిడ సీలు విప్పని సూది ప్యాకెట్టు చూపించారు. చేతులు కడుక్కునే చోటు చూపించారు. మూడో ప్రశ్నకి తన ఫోన్ నంబరు రాసిచ్చారు. తాత ఆ కాగితాన్ని మడిచి నా చేతిలో పెట్టి, "ఇదమ్మా మనకి కావాల్సింది" అన్నారు.

గురువారం అందరం వెళ్లాం. అన్నయ్య కూడా వచ్చాడు. తీరా చూస్తే పాప ముక్కు కారుతోంది, ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది. జలుబు తగ్గాక రమ్మని డాక్టరమ్మ పంపేశారు. మంచిరోజు దాటిపోతోందని అత్తయ్య కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నేనేం చెప్పినా వినలేదు. తాత ఆవిడ పక్కన బల్ల మీద కూర్చున్నారు.

"అమ్మా, పిల్ల నవ్వుతా ఉన్న రోజే మంచిరోజు. నానెన్ని ముహూర్తాలు సూసేనో! పిల్ల ఒంట్లో బాగుంటే అన్నీ కలిసొచ్చేయి."

అత్తయ్య ముక్కు చీదుకుని, "అయితే ఆ రోజు నువ్వు కూడా రావాల అన్నయ్యా" అన్నారు. అలా రాజీ కుదిరింది.

పది రోజుల తర్వాత పాప క్లినిక్ అంతా నవ్వుకుంటూ దోగాడింది. అన్నయ్య ఒళ్లో కూర్చోబెట్టాం. డాక్టరమ్మ చెవులకి నొప్పి తగ్గించే మందు రాసి, కాసేపు ఆగి, పెన్నుతో గుర్తు పెట్టబోయి ఆగిపోయారు. తాత వైపు తిరిగి, "మీరు ఎన్ని చెవులు చూశారో! ఎక్కడ పెట్టాలో చెప్పండి" అన్నారు.

ఆయన లేచి దగ్గరికి వచ్చారు. చేతులు కడుక్కుని, అరచేతులు రుద్దుకున్నారు. పాపకి ఎదురుగా మోకాళ్ల మీద వంగి ఒక చెవి చూశారు, రెండోది చూశారు. "కుడి సెవి కన్నా ఎడమది నూలుపోగంత కిందకుంది. రెండూ ఒకే ఎత్తులో పెడితే పెద్దయ్యాక వంకరగా కనపడతాది. ఇక్కడ" అని వేలు చూపించారు. డాక్టరమ్మ అక్కడే చుక్క పెట్టారు. మళ్లీ కొలిచి చూసే అవసరం పడలేదు.

తాత పిల్లలకి ఎప్పుడూ "నొప్పి ఉండదు" అని చెప్పేవారు కాదు. పదకొండు నెలల పిల్లకి ఏం అర్థమవుతుందని ఆయన ఆలోచించలేదు. చెవి దగ్గరికి వంగి, "నొప్పుంటాది తల్లీ. బేగి అయిపోద్ది" అన్నారు. తర్వాత జాలరిపేటలో వలలోంచి జారిపోయిన చేప కథ మొదలుపెట్టారు. చేప వల దాటేలోపు ఒక చెవి అయింది. పాప గుక్కపట్టి ఏడ్చింది. చేప సముద్రంలోకి దూకేలోపు రెండోది అయింది. ఇంకో ఏడుపు. అంతలో ఆయన కళ్లజోడు దారం చేతికందింది, ఏడుపు ఆగింది. ఏడుస్తూ ఉన్నది అత్తయ్య ఒక్కరే.

ఆ తర్వాత నెలరోజులు పొద్దున్నే తాత మా గుమ్మం దగ్గరికి వచ్చేవారు. ముట్టుకునేవారు కాదు, దూరం నుంచే చూసేవారు. డాక్టరమ్మ చెప్పిన ఉప్పునీళ్లతో తుడిచావా, రింగు తిప్పలేదు కదా అని అడిగేవారు. నాలుగో రోజు ఒక చెవి ఎర్రగా ఉంటే ఆయన మొహం పాలిపోయింది. "కాగితం తియ్యి, ఫోన్ సెయ్యి" అన్నారు. డాక్టరమ్మ చూసి, గౌను తగిలి ఒరుసుకుంది తప్ప ఏమీ లేదన్నారు. అప్పటిదాకా క్లినిక్ వరండాలో నిలబడే ఉన్న మనిషి, ఆ మాట విన్నాక కూర్చున్నారు.

చెవి కుట్టడం మానేసినా ఆయన ఇంటికి తల్లులు రావడం మానలేదు. "తాతా, మా గుంటకి ఎక్కడ కుట్టించమంటావు?" అని అడిగేవారు. ఆయన చొక్కా వేసుకుని వాళ్లతో క్లినిక్‌కి బయల్దేరేవారు. ఎందరితో వెళ్లారో లెక్క లేదు. నా గంటు సంగతి కూడా దాచలేదు. ప్రతి తల్లికీ తన తప్పు తానే చెప్పేవారు. "నా తప్పు మీకు పనికొస్తే సాలు" అనేవారు. వినగానే ఎవరైనా మొహం తిప్పుకుంటారేమోనని నాకు భయంగా ఉండేది. ఒక్కరు కూడా తిప్పుకోలేదు.

పోయిన వారమే పక్కింటి అమ్మాయి తన పసిదాన్ని ఎత్తుకుని నా దగ్గరికి వచ్చింది. తాత లేరు కదక్కా, నువ్వు వస్తావా అంది. వెళ్లాను. మూడు ప్రశ్నలూ అడిగాను. డాక్టరమ్మ నంబరు రాసిచ్చిన కాగితం మడిచి ఆ అమ్మాయి చేతిలో పెట్టాను.

ఆయన్ని చివరిసారి తీసుకెళ్లిన రోజు ఉదయం మా వీధి ఆడవాళ్లందరూ రైలు గేటు దాకా నడిచారు. గేటు వేసి ఉంది. బొగ్గు వేగన్ల బండి పోర్టు వైపు మెల్లగా పోతోంది. మోసేవాళ్లు ఆగారు, అందరం ఆగాం. ముసలమ్మలు, నా ఈడు వాళ్లు, స్కూల్ యూనిఫాంలో ఉన్న ఆడపిల్లలు, చంకల్లో పసివాళ్లు అందరూ బండి వైపే తలలు తిప్పారు. ఎండ పక్క నుంచి పడుతోంది. ఇన్ని చెవుల్ని అలా ఒక్కచోట నేనెప్పుడూ చూడలేదు. చివరి పెట్టె దాటుతుంటే గార్డు మమ్మల్ని చూసి టోపీ తీశాడు. నా చంకలో ఉన్న పాప అతనికి చెయ్యి ఊపింది. బండి మలుపు తిరిగేదాకా ఊపుతూనే ఉంది.