గడువు అడగని కాగితం

నా చిన్నప్పుడు మా ఇంట్లో అక్షరాలు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. తొంభైల మొదట్లో, శామీర్‌పేట దగ్గరి లాల్‌గడి మలక్‌పేట్‌లో నాలుగో తరగతి చదువుతున్నాను. మరుసటి ఏడాదే బడి మాన్పించారు. ఆ కాస్త చదువు ఇంటికి అక్కరకొచ్చిన రోజొకటి ఉంది, అదే చెబుతాను.

మాకు సొంత భూమి లేదు. మా తాత కాలం నుంచి ఊరి పటేల్ మడిని మేమే చేసేవాళ్లం. పంటలో సగం ఆయనకు, సగం మాకు. కొత్తిమీర, పాలకూర కట్టలు కట్టి మా అమ్మ తొలి బస్సులో మేడ్చల్ తీసుకుపోయేది. ఆ ఏడాది ప్లాట్ల వాళ్లు జీపుల్లో రావడం మొదలుపెట్టారు. చుట్టుపక్కల చేలల్లో తెల్ల రాళ్లు పాతారు. మా మడి కూడా పోతుందని ఊరంతా అనుకుంటుండగా పటేల్ గుమాస్తా ఒక కాగితం తెచ్చాడు. మా నాయిన వేలిముద్ర వేస్తే ఇంకో ఏడాది చేసుకోవచ్చట. నాయిన మొహం తేటపడింది. వేలు సిరాలో అద్దబోయాడు కూడా.

మా అవ్వ, అంటే నాయిన తల్లి, పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. ఆమెకు చదువు లేదు. ఏమున్నదో తెలియని కాగితాన్ని గడప దాటనిచ్చే మనిషీ కాదు.

"ఆగు. పిల్లా, అండ్ల ఏమున్నదో సదువు."

బడిలో పద్యం అప్పజెప్పినట్టు గొంతెత్తి చదివాను. తమరు దయతో మాకు ఏడాది గడువు పొడిగించాలని ప్రార్థన, అని ఉంది.

"గడువు ఎవలకిస్తరు?" అంది అవ్వ. "పొయ్యెటోళ్లకిస్తరు. మేం పోతమని ఎవలన్నరు?"

గుమాస్తా నవ్వాడు. "మాటల ఏమున్నదవ్వా, ఏది రాసినా ఏడాది దొరుకుతది గద."

"ఏం లేకుంటే మార్చు మరి."

నాకు హుషారొచ్చింది. మాటలు నాకు తెలుసు కదా. పొడిగించడం వద్దంటే గడువు పెంచమని రాద్దామన్నాను. పెంచిన చెయ్యే రేపు తగ్గిస్తుందని అవ్వ కొట్టిపారేసింది. పోనీ ఇంకొన్నాళ్లు సాగనివ్వమని అడుగుదామన్నాను. చుట్టాలొచ్చినప్పుడు చల్లలో నీళ్లు పోసి సాగదీస్తాం, దానివల్ల చల్ల పెరుగుతుందా, పలచనవుతుందా అని నన్నే అడిగింది. పొడిగించడమంటే నా లంగా అంచు విప్పడమేనంది. ఒకసారి విప్పాక మళ్లీ విప్పడానికి ఏమీ మిగలదు. తర్వాత పొయ్యి వైపు చెయ్యి చూపింది. రోజూ పడుకునేముందు నిప్పు మీద బూడిద కప్పుతాం, తెల్లారి ఊదితే అదే నిప్పు రాజుకుంటుంది. దానికోసం ఎవరి గుమ్మం ముందూ నిలబడం.

"దాన్నేమంటరు మీ బడిల?"

"నిలుపుకోవడం," అన్నాను.

"అది రాయి."

నాయిన గాబరాపడ్డాడు. "అమ్మా, పటేల్‌కు కోపమొస్తే గీ ఏడాది గూడ పాయె. పిల్లలకేం పెడ్తవ్?"

"గా కాగితం మీద వేలు పెడ్తే, ఏడాదికి లేచిపోతమని మన వేలే సాచ్చం చెప్తది," అంది అవ్వ.

నా నోటుబుక్కులో కాగితం చింపి రాశాను. ఈ మడిని మా తాత కాలం నుంచి మేమే చేస్తున్నాం, ఎప్పటిలాగే సగం పంట ఇస్తూ నిలుపుకుంటాం. దయ, ప్రార్థన అనే మాటలు ఎక్కడా పెట్టనివ్వలేదు అవ్వ. చివరికి నాయిన వేలిముద్ర వేశాడు.

ఆ కాగితం పట్టుకుని అవ్వ నన్ను వెంటబెట్టుకుని పటేల్ ఇంటికి నడిచింది. ఆయన చదివి, కళ్లద్దాలు తీసి ఆమెను చూశాడు.

"ముసల్దానా, ఏందే ఇంత పొగరు?"

"కాగితం కావాలంటిరి, తెచ్చిన పటేలా. మా పిల్ల రాత. తప్పులుంటే దిద్దుండ్రి."

ఆయన దిద్దలేదు, సంతకం చేయలేదు, చించనూ లేదు. మంచం మీదికి విసిరేశాడు. మేం తిరిగొచ్చి ఆ సాయంత్రమే మడికి నీళ్లు కట్టాం.

రెండేళ్లు పటేల్ మాతో మాట్లాడలేదు. కొలిచేవాళ్లు వచ్చిన ప్రతిసారీ అవ్వ పోయి గట్టు మీద కూర్చునేది. మా పక్క మడి వాళ్లు ఆ గుమాస్తా కాగితం మీదే వేలిముద్ర వేశారు. ఏడాది నిండగానే, మీరే రాసిచ్చారు కదా అని లేపేశారు. మేము లేస్తామన్న రాత పటేల్ దగ్గర లేదు. ప్లాట్ల వాళ్లు అదే అడిగేవాళ్లట. చివరికి అవ్వ పోయిన తర్వాత, పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి పావు మడి నాయిన పేర రాసిచ్చాకే ఆయన మిగతాది అమ్ముకోగలిగాడు.

నాకు చిన్న వయసులోనే పెళ్లయింది, చిన్న వయసులోనే మనవరాలూ పుట్టింది. పేట్ బషీరాబాద్‌లో రోడ్డు పక్కన ఏళ్లుగా ఒకే చోట కూరగాయలమ్ముతున్నాను. మొన్న మున్సిపాలిటీ వాళ్లు ఇద్దరు వచ్చి, పండుగ దాకా ఇక్కడ కూర్చోనివ్వమని సంతకం పెట్టండి, టైమిస్తాం అన్నారు. వరసలో అందరూ పెట్టారు. నేను కాగితం మొత్తం చదివి, సంతకం పెట్టకుండానే తిరిగిచ్చేశాను. నన్ను మొండిదాన్నంటున్నారు, అననీ. నాది కానిదానికైతే ఎవరినైనా గడువు అడుక్కుంటాను. నాదైన చోటికి మాత్రం ఎవరి దగ్గరా గడువు అడగను.