అమ్మకు నేర్పిన ఆరు ఇంగ్లీషు మాటలు

నేను సర్కారు బడిలో తెలుగు టీచరును. ఈ సంగతి ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడానికి సిగ్గు కొంచెం తగ్గుతుంది. మా అమ్మాయిని మాత్రం జహీరాబాదులోనే ఒక ఇంగ్లీషు మీడియం బడిలో చేర్పించాను. చేర్పించిన రోజు అక్కడి ప్రిన్సిపాలు పిల్లను వదిలేసి నన్నూ మా ఆయన్నూ ప్రశ్నలడిగింది. ఇంట్లో ఏ భాష మాట్లాడతారంటే తెలుగేనని తల దించుకుని చెప్పాను. "ఇవాళ్టి నుంచి ఇంగ్లీషే మాట్లాడండి. ఇంట్లో పెద్దవాళ్లకు కూడా చెప్పండి" అంది. పద్యాలు చెప్పి జీతం తెచ్చుకునే నేను బుద్ధిగా తలూపి వచ్చాను.

పెద్దవాళ్లంటే మా ఇంట్లో అమ్మ ఒక్కతే. నాన్న పోయాక మొగుడంపల్లి నుంచి నా దగ్గరికి వచ్చేసింది. బడి మొహం చూడలేదు. కానీ బీదర్ నుంచి వచ్చే చుట్టాలతో కన్నడం, చెరుకు నరకడానికి వచ్చే కూలీలతో మరాఠీ, గాజులమ్మే ఆమెతో ఉర్దూ మాట్లాడేది. పక్క వాటాలో అద్దెకుండే ఉత్తరాది ఫ్యాక్టరీ వాళ్లతో ఆ ఉర్దూనే కాస్త సాగదీసి హిందీ చేసేది. పీజీ చేసిన నేను రెండు భాషల్లో తడబడతాను. ఆమె గుమ్మంలోకి ఎవరొస్తే వాళ్ల మాటలోకి మారిపోయేది. అలాంటి మనిషిని నోరు మూసుకొమ్మన్నది ఆమె కడుపున పుట్టిన నేనే.

మా ఆయనది కోస్తా. "అత్తయ్యగారూ, మీరు మాట్లాడేది తెలుగేనా?" అని ఆటపట్టించేవారు. అమ్మ కూడా నవ్వేది. నవ్వి, ఆయన ఎదుట మాట తగ్గించుకునేది. అది నాకు కనబడుతూనే ఉండేది, పట్టించుకోలేదు.

బడిలో చేర్పించిన రోజు సాయంత్రం అమ్మకు చెప్పాను.

"అమ్మా, ఇగ పాపతోని మన మాట మాట్లాడకు. బడిల ఇంగ్లిషే మాట్లాడాలన్నరు."

"నాకు రాదు గద బిడ్డా."

"నేను నేర్పుత."

"అన్నం తింటవా అని గూడ అడగొద్దా?"

"ఇంగ్లిషుల అడుగు."

ఆరు మాటలు నేర్పాను. కమ్, సిట్, ఈట్, స్లీప్, గుడ్, నో. బడిలో గుణింతాలు చెప్పే ఓపికతోనే చెప్పాను. అమ్మ ఉల్లిగడ్డలు కోస్తూ వల్లె వేసుకునేది. పిల్ల ఎదురొస్తే ఏదో అనబోయి, నా వైపు చూసి, వెతుక్కుని "ఈట్" అనేది. ఒకసారి పిల్ల పడి మోకాలు కొట్టుకుపోతే ఒళ్లోకి లాక్కుని, ఓదార్చడానికి మాట లేక, నిమురుతూ "గుడ్, గుడ్" అంది. నేనూ మా ఆయనా పడీ పడీ నవ్వాం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఇంకోసారి నేను బడి నుంచి వచ్చేసరికి అమ్మ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని కథ చెబుతోంది. జొన్నచేనులో దూరిన నక్క కథ, నా చిన్నప్పుడు నాకూ చెప్పిందే. పిల్ల నోరు తెరుచుకుని వింటోంది. నేను గడపలో నిలబడి "అమ్మా" అన్నాను. అంతే, గొంతు కూడా పెంచలేదు. నక్క చేనులో ఉండగానే కథ ఆగిపోయింది. "తప్పైంది బిడ్డా" అంది అమ్మ. తల్లి చేత ఆ మాట అనిపించాక కూతురికి అన్నం సయించకూడదు. నేను చేతులు కడుక్కుని కడుపునిండా తిన్నాను.

ఆ తర్వాత ఆమె మళ్లీ తప్పు చేయలేదు. పిల్ల పెరిగింది. బడిలో ఇంగ్లీషు, వ్యానులో హిందీ, మా చివాట్లలో తెలుగు. పరీక్షలో నా సబ్జెక్టులోనే అత్తెసరు మార్కులు. తెలుగు అర్థం కాక కాదు, మా మాటలన్నీ దానికి తెలుసు. కానీ వాళ్లిద్దరి మధ్య మాత్రం తొమ్మిదేళ్లూ ఆ ఆరు మాటలే. ఒకే సోఫాలో, వేర్వేరు బస్సుల కోసం కూర్చున్నవాళ్లలా చెరో చివర కూర్చునేవారు.

పోయిన ఏడాది అదే బడి ఒక ప్రాజెక్టు ఇచ్చింది. ఇంట్లో పెద్దవాళ్లతో వాళ్ల యాసలో ఒక కథ చెప్పించి రికార్డు చేసి తేవాలట. దానికి మార్కులట. నాకు ఒళ్లు మండిపోయింది. మంట చల్లారాక ఆశ పుట్టింది. వద్దన్న బడే ఇప్పుడు మాట్లాడమంటోంది, ఈ వంకతోనైనా అమ్మ నోరు తెరుస్తుంది, నేను చేసిన పాపం కొంతైనా కడుక్కోవచ్చు అనుకున్నాను.

ఆదివారం పొద్దున అమ్మ చీర మార్చుకుని వచ్చి కూర్చుంది. పిల్ల ఎదురుగా ఫోను పట్టుకుంది.

"ఏం చెప్పాలె?" అని అమ్మ నన్నే అడిగింది.

"నక్క కథ చెప్పమ్మా."

"నా మాటతోని పోరికి మార్కులు పోతయేమో."

"ఈ మాటకే మార్కులిస్తరంట. జర చెప్పు."

"ఒక ఊర్లె..." అని ఆగింది. పిల్లను చూసింది, నన్ను చూసింది. పెదాలు కదిలాయి. "యాదికొస్తలేదు బిడ్డా. నిజంగ, యాదికొస్తలేదు" అంది. నన్ను దెప్పడానికి అలా అంటోందేమోనని మొహంలోకి చూశాను. దెప్పినా బాగుండేది. లేదు, నిజంగానే మరిచిపోయింది. లేచి వంటింట్లోకి వెళ్లి కొళాయి తిప్పుకుని ఏడ్చాను.

పిల్ల ఏడవలేదు. ఫోనులో వెతికి, ఎవరో ముసలమ్మ మన వైపు యాసలో చెప్పిన కథ పట్టుకుంది. మొదలూ చివరా కత్తిరించి, మా అమ్మమ్మ చెప్పిందని పేరుతో సహా రాసి బడికి పంపేసింది. నేను టీచరును, చూస్తూ ఊరుకున్నాను.

దానికి పూర్తి మార్కులు వచ్చాయి. వాళ్ల టీచరు ఆ కథను తల్లిదండ్రుల గ్రూపులో పెట్టి మెచ్చుకుంది. హాల్లో కూర్చుని ఒకసారి విందామని పెట్టాను. అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. కథ అయిపోయేదాకా కదల్లేదు. మధ్యలో రెండుసార్లు నవ్వింది కూడా.

"మంచిగ చెప్పింది. ఎవరామె?" అని అడిగింది.

పిల్ల పుస్తకంలోకి తల దించుకుంది. ఫోనులో ఆ కథ కింద ఇంగ్లీషులో అమ్మ పేరు రాసి ఉంది. ఆమెకు చదవడం రాదు.

"ఎవరో తెల్వదమ్మా" అన్నాను.