అనిత నాకు నేర్పని మాట

2023, వానలు మొదలైన కొత్త. మహబూబాబాద్ బస్టాండు వెనక సందులో నేను లాబ్ పెట్టి అప్పటికే చాలా ఏళ్లయింది. జ్వరాల సీజన్ వచ్చిందంటే మాకు ఊపిరాడదు. పెద్దవంగర వైపు తండాల నుంచి వచ్చే లంబాడా అవ్వలు సూది చూడగానే చెయ్యి కొంగులో దాచుకుంటారు. వాళ్ల దగ్గర నా పప్పులు ఉడికేవి కావు. మా టెక్నీషియన్ అనిత వస్తేనే పని అయ్యేది. ఆమెదీ తండానే.

ఆ ఏడు అనితకు కొత్త పిచ్చి పట్టింది. ఫ్లెబాటమీ, అంటే నరం చూసి రక్తం తీయడం, నాకే మళ్లీ నేర్పడం మొదలుపెట్టింది. "ముందుగాల టర్నికే ముట్టుకోకక్కా," అనేది. నరం తేలడానికి జబ్బకు కట్టే పట్టీ అది. "యాడీ అని పిలువు. ఏ తండా, ఎవలింటోళ్లని అడుగు. గప్పుడు చెయ్యి వాళ్లే ఇస్తరు." యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. రోజూ ఆ మాటలన్నీ వాళ్ల భాషలో నాతో అప్పజెప్పించుకునేది. నా లాబ్‌లో నాకే ట్రైనింగా అని విసుక్కునేదాన్ని.

ఒక మధ్యాహ్నం లోపలి గదిలో టీ తాగుతుంటే, గ్లాసు వైపే చూస్తూ చెప్పింది. "అక్కా, ఎం.ఎస్సీ. మైక్రోబయాలజీకి అప్లై చేద్దామనుకుంటున్న. సీటు రాకుంటే మళ్ల నన్ను పనిలకు రానిస్తవా?"

"జ్వరాల సీజన్ల చెప్తవా గిది? గీ అవ్వలనెవరు చూస్తరు?" అన్నాను.

అంతలో బయట ఒక ముసలమ్మ వచ్చి అనిత ఏదని అడిగింది. అనిత లేవలేదు. "జర నువ్వు పో అక్కా," అంది.

మండిపోతూనే వెళ్లాను. "యాడీ" అని పిలిచి, ఏ తండా అని వాళ్ల మాటలోనే అడిగాను. నా పలుకు విని ఆమె పడీపడీ నవ్వింది. నవ్వుతూనే చెయ్యి చాచింది. సూది గుచ్చినా నవ్వు ఆపలేదు.

వెనక్కి తిరిగితే గుమ్మంలో అనిత, కళ్లనిండా నీళ్లతో.

"చదువు సంగతి ఎప్పటిసంది అనుకుంటున్నవ్?"

"మాటలు నేర్పుడు షురూ చెయ్యకముందే అక్కా. నిన్ను పరేషాన్ల వెట్టి ఎట్ల పోత?"

దగ్గరికి తీసుకున్నాను. "అప్లై చెయ్. సీటు రాకుంటే గీ కుర్చీ నీదే."

సీటు వచ్చింది. పని మానేస్తామని చెప్పేవాళ్లను నేనిప్పుడు కసురుకోను. ఎప్పటి నుంచి అనుకుంటున్నారని అడుగుతాను.

అవ్వలు ఇంకా అనిత ఏదని అడుగుతుంటారు. మా పిల్ల పెద్ద చదువుకు పోయిందని వాళ్ల భాషలోనే చెబుతాను. ఆ ఒక్క మాట అనిత నేర్పలేదు. ఆమె వెళ్లాక ఒక యాడిని అడిగి నేర్చుకున్నాను.