విప్పని పేజీలకు ముందుమాట

నా చిన్నప్పుడు పగ తీర్చుకోవడమంటే ఎదుటివాళ్ల బట్టల మీద సిరా పొయ్యడమే అనుకునేదాన్ని. బళ్లో ఇద్దరి మీద పోశాను కూడా. మా తాతయ్యకు విజయవాడ గవర్నరుపేటలో చిన్న ప్రెస్సు ఉండేది కాబట్టి సిరాకు కొదవ లేదు. అంతకన్నా గట్టి దెబ్బ ఒకటుందని నా పదో ఏట, డెబ్భైల్లో, ఆయన దగ్గరే తెలుసుకున్నాను.

పెళ్లిపత్రికలు, బిల్లుపుస్తకాలు తాతయ్యకు బతుకుతెరువు. కవిత్వం ఆయన వ్యసనం. ఊళ్లో కొత్తగా రాసేవాళ్లంతా ఆ ప్రెస్సుకే చేరి, టీలు తాగి, పోట్లాడుకుని, చివరికి పుస్తకం చేతబట్టుకుని వెళ్లేవాళ్లు.

భవానీపురంలో మా పక్కింటి అక్క కూడా కవిత్వం రాసేది. మిషన్ స్కూల్లో టీచరు. ఆదివారం చర్చి నుంచి వస్తూనే మా అరుగు మీద కూర్చుని, ఆ వారం రాసినవి నాకు వినిపించేది. కృష్ణలో బట్టలుతికే ఆడవాళ్ల గురించి, కాలవలు కట్టేసిన ఎండాకాలం గురించి రాసేది. నాకు సగమే అర్థమయ్యేది. అయినా అందరికన్నా ముందు వినేది నేనేనని మహా గర్వంగా ఉండేది.

అక్క మొదటి పుస్తకం తాతయ్యే వేశారు. ఆ రోజుల్లో ముందు కవితలు అచ్చు వేసి, ఆ ఫారాలను ఎవరైనా పెద్దాయనకు పంపి, ముందుమాట రాయించుకునేవాళ్లు. పదహారు పేజీలు ఒకే కాగితం మీద అచ్చు వేసి మడత పెడితే ఒక ఫారం. మడతల అంచులు కత్తితో కోస్తేగాని లోపలి పేజీలు విడిపడవు. ముందుమాట లేని కొత్త కవిని ఎవరూ పట్టించుకునేవారు కాదు. పెద్దాయన రాసి ఇచ్చాక దాన్ని వెయ్యకపోతే మాత్రం ఊళ్లో బతకనిచ్చేవారు కాదు.

అక్క ఫారాలు బాగా పేరున్న ఒక కవిగారికి వెళ్లాయి. నెలల తరబడి ఉంచుకుని, పుస్తకావిష్కరణ సభకు ఇంకా వారం ఉందనగా, అప్పటికే ఆయన పేరుతో ఆహ్వానాలు పంచేశాక, తిప్పి పంపారు. పై ఫారం మీద ‘చదివాను’ అని రాసి సంతకం చేశారు. ముందుమాట మొదటి రెండు పేజీలూ తన గురించే రాసుకున్నారు. మూడో పేజీలో, పుస్తకమంతా క్షుణ్ణంగా చదివాననీ, ఇందులో అడుగడుగునా ఎవరో అనుభవజ్ఞుడైన పురుషుడి చెయ్యి కనిపిస్తున్నదనీ, ఒక పడుచుపిల్ల ఇలా రాయగలదంటే తాను నమ్మలేననీ రాశారు.

అక్క అది చదివి కుర్చీలో కూలబడింది. తన కవితలు తనవి కావని తన పుస్తకంలోనే అచ్చవుతుంది. వెయ్యకపోతే, నిజం బయటపడుతుందని భయపడి దాచేశారంటారు. “పుస్తకమే వద్దండీ తాతయ్యగారూ, కాలవలో పడెయ్యండి” అని ఏడ్చింది. అక్క ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన సంతకం చేసిన ఆ ఫారాలను ముక్కలుముక్కలుగా చింపుదామని లాక్కున్నాను. లోపల వేలు పెడితే దూరలేదు. అన్ని అంచులూ మూసే ఉన్నాయి.

తాతయ్య నా చేతిలోంచి వాటిని మెల్లగా తీసుకున్నారు. నాలుగు ఫారాల మడతలూ వేలితో తడిమి చూశారు. ఒక్కటీ కోసి లేదు. ఆయన మొహంలో అప్పుడు వచ్చిన నవ్వు నాకిప్పటికీ గుర్తే, అది మంచి నవ్వు కాదు. “వారం రోజులు నోరు మూసుకుని ఉండగలవటే తల్లీ?” అని నన్నడిగారు. ఆ వారం ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు.

తాతయ్య ఆ ముందుమాటను తన చేత్తోనే కంపోజు చేశారు. ఒక్క కామా కూడా మార్చలేదు.

సభ గ్రంథాలయం హాల్లో జరిగింది. కవిగారు ఇస్త్రీ మడత నలగని లాల్చీలో వచ్చారు. ఆ లాల్చీ చూడగానే నా చేతులు దురద పెట్టాయి గానీ ఓర్చుకున్నాను. ముందుమాట రాసినవారే సభలో చదవడం ఆనవాయితీ. ఆయన గొంతెత్తి చదివారు. క్షుణ్ణంగా చదివానన్న మాట మరీ నొక్కి చదివారు. పురుషుడి చెయ్యి అనగానే అందరూ వెనక్కి తిరిగి అక్కను చూశారు. అక్క తల దించలేదు.

తాతయ్య ఒక పళ్లెం పట్టుకుని లేచారు. అందులో ఆ నాలుగు ఫారాలూ, కాగితాలు కోసే కత్తీ ఉన్నాయి. “అయ్యా, ఇవి తమరు చదివి సంతకం చేసి పంపిన ఫారాలండీ. రిబ్బను బదులు వీటి అంచులు తమ చేత్తో కోసి, తమకు నచ్చిన కవిత ఒకటి వినిపించండి” అన్నారు, ఎంతో వినయంగా.

హాల్లో ఉన్నవాళ్లంతా అచ్చు పని ఎరిగినవాళ్లే. ఒక్క క్షణంలో అందరికీ అర్థమైపోయింది. వెనక నుంచి ఎవరో “కొయ్యకుండా ఎట్లా చదివారండీ?” అని అడిగేశారు. ఇవి వేరే ఫారాలేమో అన్నారు కవిగారు. తాతయ్య సంతకం మీద వేలు పెట్టి చూపించారు. ఇక చేసేది లేక ఆయన అంచు కోశారు. చేతికి దొరికిన కవిత మొదలుపెట్టి, తడబడి, రెండో చరణంలో ఆగిపోయారు. అక్క లేచి నిలబడింది. చేతిలో కాగితం లేకుండా ఆ కవిత పూర్తిచేసింది. ఆ తర్వాతది చెప్పింది. దాని తర్వాతదీ చెప్పింది. కవిగారు ఎంతసేపటికీ తలెత్తలేదు. నాకైతే కడుపు నిండిపోయింది.

ఆ ముందుమాట తీసెయ్యమని ఆయన తర్వాత మూడుసార్లు మనిషిని పంపారు. పెద్దల మాట తీసేంతవాణ్ణి కాదని తాతయ్య మూడుసార్లూ చేతులు జోడించి పంపించేశారు. పుస్తకం చదివినవాళ్లందరూ ఆ మూడో పేజీ దగ్గర ఆగి నవ్వుకున్నారు.

ఆ కవిగారు పోయి చాలా ఏళ్లయింది. పేపర్లో ఫోటో చూసినప్పుడు కూడా నా మనసు కరగలేదు. అక్క ఎప్పుడో క్షమించేసింది, ప్రార్థనలో ఆయన పేరు కూడా తలుచుకుందట. అది ఆవిడ గొప్పతనం. నాకు మాత్రం ఆ రోజు నుంచి ఒక అలవాటు మిగిలింది. నాకు గిట్టని మనిషి ఏం రాసినా మొదటి అక్షరం నుంచి చివరిదాకా ఒకటికి రెండుసార్లు చదువుతాను. నేను ప్రాణంగా అభిమానించేవాళ్లను కూడా అంత శ్రద్ధగా ఎన్నడూ చదవలేదు.